కషాయానికి ముందు ప్రార్థన

మొన్న మా అపార్ట్‌మెంటు ప్రెసిడెంటుగారు ఊరెళ్ళి వచ్చేసరికి ఆయన కారు అద్దానికి తిప్పతీగ చుట్టుకుని ఉంది. టీచరమ్మ మొక్కల డబ్బాలన్నీ ఆవిడ కూతురు మియాపూర్ పట్టుకెళ్ళిపోయినా, పార్కింగు గోడ పగులులో ఎక్కడో ఒక ముక్క మిగిలినట్టుంది. వానలు పడగానే చిగురించి, పాత అలవాటు ప్రకారం ప్రెసిడెంటుగారి కారే వెతుక్కుంది. ఈ తీగ మీద ఆయన గతంలో వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజీలు పోగేస్తే చిన్న గ్రంథం అవుతుంది. అటువంటి మనిషి మొన్న దాన్ని తెంపకుండా, వేళ్ళతో మెల్లగా విప్పి, పురికొసతో స్తంభానికి కట్టారు. వెనక నేనున్నట్టు చూసుకుని, "ఏం లేదండీ, నేల మీద పడితే ఎవరైనా తొక్కుతారేమోనని" అన్నారు. నేనేమీ అడగలేదు.

టీచరమ్మ పోయి రెండు నెలలైంది.

ఖాజాగూడలో మా అపార్ట్‌మెంటు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేది. మెదక్ వైపు సర్కారు బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కారు లేదు కాబట్టి తన పార్కింగు స్థలంలో పాత పెయింటు డబ్బాలు వరుసగా పేర్చి తులసి, వామాకు, కలబంద, నేలవేము, తిప్పతీగ పెంచేది. ఇది వాహనాలకు కేటాయించిన స్థలమని ప్రెసిడెంటుగారు అంటే, "మీ బండ్లు నీడల నిలవడ్డయి గదా సార్, నా మొక్కలు నిలవడ్తె ఏంది? అవి హారన్ గూడ కొట్టయి" అనేది. ఆయన పైకి వెళ్ళిపోయేవారు. మెసేజీ మాత్రం పెట్టేవారు.

మా వీధిలో మెడ పట్టేసినవాళ్ళు, నిద్ర పట్టనివాళ్ళు, కడుపులో మంటవాళ్ళు, అందరూ మెళ్ళో ఆఫీసు ఐడీకార్డు వేలాడేసుకుని సాయంత్రాలు ఆవిడ గుమ్మంలో కూర్చునేవారు. నేను వెళ్ళింది గొంతు కోసం. మాట పెగలడం లేదు. మా ఆవిడ వెళ్ళమంది.

"మనం పూజలు చేసుకునేవాళ్ళం, ఆవిడ ప్రార్థన చేస్తుందటగా" అన్నాను గుసగుసగా.

"నేలవేముకు మతమేంటండీ? చేదు అందరికీ ఒకటే. వెళ్ళండి" అంది.

టీచరమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. బాల్కనీలో పొయ్యి మీద గిన్నె ఉడుకుతోంది. తాగి వచ్చేద్దామనుకున్నాను. "ముందు ప్రార్థన. కండ్లు మూసుకో బిడ్డా" అంది.

ఆవిడ ప్రార్థన పుస్తకాల తెలుగులో మొదలయ్యేది. "మహోన్నతుడవైన మా పరలోకపు తండ్రీ, కృపామయుడా, ఈ సాయంకాలమున నీ సన్నిధిలో కూర్చుండియున్న ఈ కుమారుని బట్టి నీకు వందనములు చెల్లించుచున్నాము..." అలా రెండు వాక్యాలు గంభీరంగా నడిచి, మూడో వాక్యానికి మెదక్ బస్సు ఎక్కేసేది.

"ప్రభువా, ఈ పిలగాడు రాయదుర్గంల పన్జేస్తడు. పొద్దుగాల ఏం తినడు. ఆఫీసుల చల్లటి డ్రింకులు తాగుతడు. ఇంటికొచ్చి పెండ్లాంతోటి మాట్లాడడు, ఫోన్‌తోటి మాట్లాడ్తడు. ఇగ ఆ గొంతు ఎందుకు మంచిగుంటది తండ్రీ? నువ్వే చెప్పు."

నేను అదిరిపడి ఒక కన్ను తెరిచాను. ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది.

"ప్రార్థనల కన్ను తెరిశిన ఈ కొడుకును జర క్షమించు తండ్రీ" అంది.

ఇదంతా మా ఆవిడ అందించిన సమాచారమని అప్పుడు అర్థమైంది. ఇంకేం బయటపడుతుందోనన్న భయంతో, సందు చూసుకుని గట్టిగా "ఆమేన్" అన్నాను. సాగుతున్న ప్రార్థన ఆగింది.

"నువ్వన్న ఆమేన్ లెక్కలకు రాదు బిడ్డా. మొదలువెట్టినోళ్లే ముగియ్యాలె. ముగిసేదాంక ఎవ్వరు కండ్లు తెరవొద్దు, లేవొద్దు, ఎదురు మాట్లాడొద్దు. వినేటోళ్లు స్తోత్రం అనొచ్చు, గంతే. గిది నా ఇంట్ల రూలు" అని, ఆపిన చోటు నుంచి మళ్ళీ అందుకుంది. నా పొద్దుటి టిఫిన్ గురించి దేవుడికి ఇంకా చెప్పవలసింది చాలా ఉన్నట్టుంది.

ఆవిడ ఎవరినీ మొహం మీద ఒక్క మాట అనగా నేను వినలేదు. ఎదురుపడితే "తిన్నవా బిడ్డా, మంచిగున్నవా" అనేది, అంతే. తిట్లన్నీ ప్రార్థనలోనే. నేను సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగం చేస్తాను. ఎవరి తప్పు వాళ్ళకు చూపిస్తే "నా మెషీన్‌లో బాగానే పనిచేస్తోంది" అని మీదకొస్తారు. టీచరమ్మ మన తప్పులన్నీ నేరుగా పైవాడికి రిపోర్టు చేసేది, మనం సీసీలో ఉండేవాళ్ళం. కళ్ళు మూసుకుని, నోరు మూసుకుని, చేతులు కట్టుకుని వినడం తప్ప దారి లేదు. అత్తాకోడళ్ళను పక్కపక్కన కూర్చోబెట్టి, ఇద్దరి నడుం నొప్పులకూ కలిపి ఆవిడ చేసిన ప్రార్థన గురించి మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అత్త ఒకచోట "స్తోత్రం" అంటే కోడలు ఇంకోచోట అందట.

మందు పనిచేసేదా అంటే, కొన్నిసార్లు చేసేది. నాకు వారం పాటు నేలవేము పోసింది. నా నాలుక మీద ఆ చేదు ఉద్యోగానికి చేరినట్టు స్థిరపడిపోయింది కానీ గొంతు కదల్లేదు. తీరా చూస్తే ఆఫీసులో ఏసీ గాలి సరిగ్గా నా నెత్తి మీద పడుతోంది. సీటు మార్చుకున్న రెండో రోజుకు గొంతు వచ్చేసింది. వెళ్ళి ఆ సంగతి చెప్పాను, కొంచెం ఎత్తిపొడుపుగానే.

"సీటు మారాలన్న బుద్ధి నీకు యాడికెళ్లి వచ్చిందనుకున్నవ్?" అంది, తాపీగా కలబంద కడుక్కుంటూ.

ఆవిడ వైద్యశాస్త్రమంతా ఒక్క మాటలో ఉండేది. వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. "ఆకుల గుణం వెట్టింది దేవుడు. డాక్టర్ తలకాయల బుద్ధి వెట్టింది గూడ దేవుడే. నడుమల నేను పొయ్యి ముట్టిస్త, గంతే." ఆ మాట మీద నిలబడేది కూడా. ఓ ఆదివారం ప్రెసిడెంటుగారు ఛాతీలో మంటగా ఉందని, గ్యాసేనని, కాస్త వాము కషాయం ఇమ్మని వచ్చారు. తీగ గొడవ ఉన్నా కషాయానికి వచ్చేవారు. టీచరమ్మ ఆయన చెమటలు చూసి ప్రార్థన అందుకుంది. "ప్రభువా, ఈ సార్ గ్యాసంటున్నడు. నాకైతే తెల్వదు, ఆయనకైతే అసలే తెల్వదు. తెలిసినోడు దవాఖానల కూసున్నడు. ఈ సార్‌ను ఎంటనే తోలియ్యి తండ్రీ. కషాయం నేను పారబోస్తున్న." అన్నట్టే ఆమేన్ చెప్పి గిన్నె సింకులో వంపేసింది. పాపం ఆయన ఆసుపత్రికి వెళ్తే పరీక్షలన్నీ చేసి, గ్యాసే అని పంపించారు. ఆయన మండిపడుతూ వచ్చారు. ఆవిడ మొహం చేటంత చేసుకుని "గ్యాసేనా? స్తోత్రం!" అని అప్పుడు వాము కషాయం పెట్టిచ్చింది. దానికి ముందు మళ్ళీ ప్రార్థన.

ఇంత తెలిసిన మనిషి తన ఒంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మొండికేసింది.

వాళ్ళ చర్చి సంఘంలో సంవత్సరం చివర కూడిక జరుగుతుంది. ఆ ఏడాది దేవుడు తమకు చేసిన మేళ్ళ గురించి ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెబుతారు. ఒకసారి మా ఇద్దర్నీ కూడా తీసుకెళ్ళింది. టీచరమ్మ లేవగానే జనం సర్దుకుని కూర్చోవడం చూసి, ఇది అందరూ ఎదురుచూసే అంశమని గ్రహించాను. "నా పిల్ల పుట్టిన తర్వాత నా ఒంటి కోసం నేను దవాఖాన మెట్టు ఎక్కలే. ఈ ఏడు గూడ ఎక్కలే. దేవుడిచ్చిన ఆకు, దేవుడిచ్చిన ఊపిరి" అంది. హాలంతా హల్లెలూయలతో మారుమోగింది. ఏటా అదే సాక్ష్యం, ఏటా ఒక సంవత్సరం పెరుగుతుంది. ఆ కూతురు ఇప్పుడు హైస్కూలు పిల్లల తల్లి.

అట్లాంటి రికార్డు ఉన్న మనిషికి ఒక వానాకాలం కాలి బొటనవేలికి చెప్పు కరిచి పుండు పడింది. షుగరు ఉంది. పసుపు పెట్టింది, కలబంద పెట్టింది. మానలేదు. చివరికి అంజూరపు పండ్లు నూరి ముద్ద చేసి కట్టడం మొదలుపెట్టింది. వాళ్ళ బైబిలు వాక్యంలో ఒక రాజుగారికి ప్రాణం మీదకు వచ్చిన పుండు అంజూరపు ముద్దతో మానిందట. "రాజుకు తగ్గింది, టీచర్‌కు తగ్గదా?" అనేది. మా ఆవిడ కట్టు మార్చడానికి సాయం వెళ్ళి, మొహం పాలిపోయి తిరిగొచ్చింది. వేలు నల్లబడిందని, వాసన వస్తోందని చెప్పింది.

మియాపూర్ నుంచి కూతురు వచ్చింది. బతిమాలింది, ఏడ్చింది, అరిచింది. లాభం లేకపోయింది. ఫోన్లో పుండు ఫోటో తీసుకెళ్ళి డాక్టరుకు చూపిస్తే, ఈ రోజే తీసుకురండి, ఆలస్యమైతే పాదమే తీసేయాల్సి రావచ్చన్నాడట. మెట్ల దగ్గర మా ఇద్దరినీ పట్టుకుని చెప్పింది. "అన్నా, ఆమె దేవుని మీద నమ్మకంతోటి ఆగుతలేదు. ఆ సాక్ష్యం పోతదని ఆగుతున్నది. దవాఖానకు పోతె సంఘంల ఏమంటరో అని పరేషాన్. కాలు పోతదంటె భయం లేదు గని గా మాట పోతదంటె భయం."

అది శనివారం పొద్దున. వెంటనే మా ఆవిడా నేనూ కూతురి వెనకే కిందకి వెళ్ళాం. టీచరమ్మ కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది. గది నిండా పండిన అంజూరం వాసన, దాని కింద ఇంకో వాసన. ఆసుపత్రి మాట ఎత్తబోయాను. "ఫికర్ చెయ్యకు బిడ్డా, ప్రార్థన చేసుకుందాం" అని చేతులు జోడించింది. ఆవిడ నోరు తెరిస్తే ఇంక నాకు అవకాశం ఉండదు. గబుక్కున కళ్ళు మూసుకుని, "ఈ రోజు నేను చేస్తానండీ" అన్నాను.

టీచరమ్మ ఒక క్షణం బిత్తరపోయి, తర్వాత పొంగిపోయింది. "స్తోత్రం తండ్రీ! చెయ్యి కొడుకా, చెయ్యి" అని కళ్ళు గట్టిగా మూసుకుంది. వల పడిందని పాపం ఆవిడకు తెలియదు.

మొదలుపెట్టానే గానీ ఎలా మొదలుపెట్టాలో తెలియదు. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు మా గోదావరి వైపు ఎలా మొదలుపెడతామో అలాగే మొదలైంది.

"దేవుడుగారూ, నమస్కారమండి. నేను ఖాజాగూడ నుంచి మాట్లాడుతున్నానండి. టీచరమ్మగారి కాలి విషయమండి."

"స్తోత్రం" అంది ఆవిడ. కాస్త అనుమానంగా.

"ఈవిడ కాలి వేలు నల్లబడిందండి. మీరు చూస్తూనే ఉంటారు. డాక్టరుగారు ఈ రోజే రమ్మన్నారండి. ఈవిడ రానంటున్నారండి."

"స్తోత్రం!" ఈసారి బెత్తం బల్ల మీద కొట్టినట్టు అంది.

గుమ్మంలో మా ఆవిడ కళ్ళు మూసుకోలేదు, క్యాబ్ బుక్ చేయాలి కదా. కూతురు చప్పుడు కాకుండా చీరలు సంచీలో కుక్కుతోంది. క్యాబ్ వచ్చేదాకా నేను ఆమేన్ అనకూడదు. ఓరకంట చూస్తే మా ఆవిడ ఫోను తిప్పి చూపించింది. క్యాబ్ బయోడైవర్సిటీ చౌరస్తా ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంది. దాంతో నేను ప్రార్థన సాగదీయక తప్పలేదు. ప్రెసిడెంటుగారి గ్యాసు గురించి చెప్పాను. ఖాజాగూడ చెరువు గురించి చెప్పాను. మా ఆఫీసులో సోమవారం ఉన్న సాఫ్ట్‌వేర్ రిలీజు గురించి వివరంగా చెప్పాను. క్యాబ్ డ్రైవరుకు ఎడమ సందులో తిరిగే బుద్ధి ప్రసాదించమన్నాను. టీచరమ్మ స్తోత్రాలు పళ్ళ మధ్య నుంచి వస్తున్నాయి. చివరికి ఉండబట్టలేక పెద్దగా "ఆమేన్!" అంది.

"దేవుడుగారూ, మొదలుపెట్టినవాళ్ళే ముగించాలని ఈవిడే రూలు పెట్టారండి" అన్నాను.

ఇంక నా దగ్గర సరదా మాటలు అయిపోయాయి. లోపల ఉన్నదే మిగిలింది.

"ఆకులో గుణం పెట్టింది మీరేనని, డాక్టరు తలలో బుద్ధి పెట్టింది కూడా మీరేనని మా అందరికీ ఈవిడే నేర్పారండి. మా అందరి విషయంలో రెండూ నమ్మారు. తన విషయంలో మాత్రం ఆకు దగ్గరే ఆగిపోయారు. ఆ సాక్ష్యం పోతే పోనివ్వండి దేవుడుగారూ. కాలుంటే నడుచుకుంటూ వెళ్ళి కొత్తది చెప్పుకుంటారు. మా తప్పులు మీకు చెప్పడానికి మాకు ఇంకెవరున్నారండి? మాకీవిడ కావాలండి."

కళ్ళు తెరిచి చూశాను. టీచరమ్మ కళ్ళు మూసుకునే ఉంది. చెంపల మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి కూడా చెయ్యి కదపలేదు, ప్రార్థన ముగియలేదు కదా. బయట హారన్ మోగింది.

"కారొచ్చిందండి దేవుడుగారూ. ఆమేన్" అన్నాను.

ఆవిడ కళ్ళు తెరిచి నన్ను ఎగాదిగా చూసింది. "గింత పొడుగు ప్రార్థన మా పాస్టర్ గూడ చెయ్యడు" అంది. కొంగుతో మొహం తుడుచుకుని కూతురి వైపు తిరిగింది. "ఏం జూస్తున్నవే? చెయ్యందియ్యి. గా అంజూరం డబ్బ గూడ పట్టు."

ఆసుపత్రిలో ఆ డబ్బా డాక్టరు ముందు పెట్టి, మీ మందుతో పాటు ఇది కూడా పుండు మీద పెట్టమని అడిగింది. ఆయన మంచివాడు. పుండు మీద వద్దమ్మా అన్నాడు. తినొచ్చా అంటే, మీ షుగరుకు అదీ వద్దన్నాడు. ఆ ముద్ద చివరికి మా ఆవిడా నేనూ తిన్నాం. వేలు తీసేశారు. పాదం నిలిచింది.

మూడో రోజు చూడటానికి వెళ్ళాను. మంచం మీద నుంచే "కండ్లు మూసుకో" అంది. మహోన్నతుడితో మొదలై మూడో వాక్యానికి మెదక్ చేరింది. "ప్రభువా, నా మీద నీకు చాడీ చెప్పిన ఈ కొడుకుకు బీపీ ఉన్నది. వాళ్ల నాయినకు గూడ ఉండె. డాక్టర్ గోలీలు రాసిండు. డబ్బ తెరవకుండ ఫ్రిజ్ మీద పెట్టిండు..." మా ఆవిడ ఆసుపత్రిలో కూడా ఊరికే కూర్చోలేదన్నమాట. అంతలో కట్టు మార్చడానికి నర్సులు వచ్చి మంచం తోసుకుపోబోయారు. ఆవిడ ప్రార్థన ఆపి కళ్ళు తెరిచింది.

"ఆమేన్ అనలేదండీ" అని గుర్తు చేశాను.

"అనను. నువ్వు దినాం గోలీ ఏసుకుంటున్నవని నాకు నమ్మకం కుదిరినంక అంట. అప్పటిదాంక నువ్వు ప్రార్థనల ఉన్నట్టే" అంటూ వెళ్ళిపోయింది. చక్రాల చప్పుడు దూరమయ్యేదాకా నేను చేతులు కట్టుకునే నిలబడ్డాను.

ఆ సంవత్సరాంతపు కూడికకు చేతికర్రతో నడిచి వెళ్ళింది. మేమూ వెళ్ళాం. లేచి నిలబడి, "ఇన్నేండ్లు దవాఖాన మెట్టు ఎక్కలేదని చెప్పిన. ఈ ఏడు గూడ ఎక్కలే. లిఫ్టుల పోయిన" అంది. హాలంతా నవ్వింది. తర్వాత అంది, "ఆకును నమ్మిన, డాక్టర్‌ను నమ్మలే. అంటె దేవుని సగమే నమ్మిన. గా మిగిలిన సగం చెప్పెతందుకు ఒక పిలగాని తోలిండు. వానికి ప్రార్థన చెయ్యరాదు. దేవుడుగారూ అన్నడు." ఆ రోజు వచ్చిన హల్లెలూయలు పాత సాక్ష్యానికి ఎప్పుడూ రాలేదట. ఇప్పటికీ ఆ సంఘంలో పిల్లలు నన్ను చూస్తే "దేవుడుగారు అంకుల్" అంటారు.

ఆ తర్వాత పార్కింగులో ఎప్పుడు కనబడినా ఒకటే ప్రశ్న. "గోలీ?"

"వేసుకున్నానండీ. ఇంక ఆమేన్ అనేయండి."

"చూద్దాం తియ్యి. నీ మొఖం ఇంకా నమ్మేటట్టు లేదు" అని డబ్బాల్లో నీళ్ళు పోసుకునేది.

రెండు నెలల కిందట మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీసి, ఇంక లేవలేదు. సమాధి దగ్గర పాస్టరుగారు చాలాసేపు ప్రార్థన చేశారు. ప్రెసిడెంటుగారు కూడా కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడ్డారు. చివర అందరూ ఆమేన్ అన్నారు, నేనూ అన్నాను. అయితే అది పాస్టరుగారు మొదలుపెట్టింది, ఆయన ముగించారు. దాంతో నాకు సంబంధం లేదు.

నా ప్రార్థన మొదలుపెట్టింది టీచరమ్మ. ఆవిడ రూలు ప్రకారం నేను ముగించడానికి లేదు, ఎదురు మాట్లాడటానికీ లేదు. రోజూ పొద్దున టిఫిన్ తిని, ఫ్రిజ్ మీద డబ్బా తీసి గోలీ వేసుకుంటాను. నీళ్ళు తాగి, మా ఆవిడ వంటింట్లో ఉందో లేదో చూసుకుని, మెల్లగా "స్తోత్రం" అంటాను. వినేవాళ్ళు అనొచ్చన్నది ఆ ఒక్క మాటే కదా.